వేలం ప్రకటన పడకముందే ఇల్లు అమ్ముకున్నాం: నా అనుభవం

2024 జూన్ 12, బుధవారం. పోస్ట్‌మాన్ రెండు రిజిస్టర్డ్ కవర్లు తెచ్చాడు, ఒకటి నా పేరున, ఒకటి మా ఆయన పేరున. సంతకం పెట్టి తీసుకున్నాను. లోపల ఏడు పేజీలు, అన్నీ ఇంగ్లీషులో. నాకు అర్థమైనవి రెండే. ఒకటి మా ఇంటి హద్దులు, తూర్పున పంచాయతీ రోడ్డు, పడమర పంట బోదె. రెండోది అంకె: 26,71,000 రూపాయలు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక మా అమ్మాయి చదివింది. అరవై రోజుల్లో మొత్తం కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని బ్యాంకు రాసింది. చదువుతున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

మాది పాలకొల్లు, నరసాపురం మధ్య ఒక ఊరు. 5 సెంట్ల స్థలం మామయ్యగారు 1987లో కొన్నారు, ఇల్లు తర్వాత కట్టారు. 2012లో మా ఇద్దరి పేరున సెటిల్‌మెంట్ దస్తావేజు రాశారు. 2021 మార్చిలో ఆ ఇంటి మీద 30 లక్షలు అప్పు తీసుకుని ఆయన రొయ్యల చెరువు లీజుకు పట్టారు. నెలకు 41,300 వాయిదా. మొదట్లో బాగానే నడిచింది. 2023లో రెండు పంటలూ తెల్ల మచ్చ రోగానికి పోయాయి. రెండోసారి 45 రోజులకే వల వేసి, దొరికింది దొరికినట్టు అమ్మేశారు. మేత బాకీ కూడా తీరలేదు. ఆఖరి వాయిదా నవంబర్‌లో కట్టారట. డిసెంబర్ నుంచి ఆగిపోయిన సంగతి నాకు చెప్పలేదు. మూడు నెలలు దాటేసరికి ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అయింది. ఆయన ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని ఎందుకు తిరిగేవారో నోటీసు వచ్చాకే తెలిసింది.

ఆ రాత్రి నాకు కోపం రాలేదు. భయం వేసింది. అత్తయ్యగారికి 78 ఏళ్లు. ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక ఇద్దరం పది రోజులు నోరు మూసుకుని కూర్చున్నాం. ఆ పది రోజుల గురించి ఇప్పటికీ బాధపడతాను, ఎందుకంటే ఆ 60 రోజుల్లో ఒక్క రోజు కూడా తిరిగి రాదు.

జూన్ 24న బ్యాంకుకి వెళ్లాం. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ ఇమ్మంటారా?" అని అడిగాడు. నాకు అక్కడే కన్నీళ్లు వచ్చేశాయి. ఫోర్‌క్లోజర్ అంటే ఇల్లు జప్తు చేయడమని అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు ముందురోజే ఫోన్లో చెప్పాడు. మేనేజరు కంగారుపడి, "అది కాదమ్మా, ఈ రోజు మీరే అప్పు మొత్తం కట్టి క్లోజ్ చేసుకోవాలంటే ఎంతవుతుందో చెప్పే కాగితం" అన్నాడు. ఇక్కడ బ్యాంకుల్లో ఆ మాటకి అర్థం అదే. జప్తు సంగతి మాట్లాడేటప్పుడు వాళ్లు సర్ఫేసీ అంటారు, తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకునే చట్టం పేరు అది.

తర్వాత భీమవరంలో ఒక లాయరు దగ్గరకు వెళ్లాం. ఫీజు 5,000. ఆయన గంటసేపు ఓపిగ్గా చెప్పాడు. "నోటీసు వచ్చింది కదాని ఇల్లు పోయినట్టు కాదమ్మా. అలాగని మీ ఇష్టానికి అమ్మేసుకోవడానికీ లేదు" అన్నాడు. ఈ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఆస్తి అమ్మకూడదు, లీజుకి కూడా ఇవ్వకూడదు. ఈ ముక్క వినేసరికి నా గుండె ఝల్లుమంది. అప్పటికే మా ఆయన దూరపు చుట్టం ఒకరు 2 లక్షలు బయానా ఇస్తాననడం, ఈయన సరేననడం అయిపోయాయి. ఆ సాయంత్రమే ఫోన్ చేసి వద్దని చెప్పించాను.

లాయరు చెప్పిన ఇంకో ముక్క నేను నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీసుకున్నాను. ఇంతకుముందు అమ్మకానికి పెట్టిన తేదీ దాకా బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే వీలుండేది. 2016లో చట్టం మార్చారు. ఇప్పుడు వేలం ప్రకటన పేపర్లో పడ్డ రోజుతో ఆ హక్కు పోతుంది. 2023లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అంటే మాకున్న గడువు వేలం రోజు దాకా కాదు, వేలం ప్రకటన వచ్చే రోజు దాకా. ఆ రోజు ఎప్పుడొస్తుందో మాకు ముందుగా తెలియదు.

నోటీసుకు జవాబు రాయొచ్చని, రాస్తే 15 రోజుల్లో బ్యాంకు తిరిగి జవాబివ్వాలని కూడా ఆయనే చెప్పాడు. జూలై 5న రాశాం. పంట నష్టం, మందుల బిల్లులు జతచేసి, ఇల్లు మేమే అమ్మి కట్టడానికి డిసెంబర్ దాకా టైమ్ ఇవ్వమని అడిగాం. జూలై 18న జవాబు వచ్చింది. టైమ్ ఇవ్వలేమన్నారు. కానీ చివర్లో ఒక వాక్యం ఉంది, సరైన కొనుగోలుదారుణ్ణి తీసుకువస్తే అమ్మకానికి అనుమతి పరిశీలిస్తామని. ఆ ఒక్క వాక్యం పట్టుకునే మిగతా ఆరు నెలలు బతికాం.

అత్తయ్యగారికి ఆ రోజే చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. "మీ మామయ్య కట్టించిన ఆ గోడలకి నీళ్లు కొట్టింది నేనేనమ్మా" అంది చివరికి. లేచి దొడ్లోకి వెళ్లి కొబ్బరి చెట్టు మొదట్లో నీళ్లు పోసి వచ్చింది.

మేం చేసిన పెద్ద తప్పు తర్వాత జరిగింది. ఆషాఢం ఎలాగూ కుదరదు, ఆగస్టు 5 నుంచి శ్రావణం. అమ్మడానికి అంతకన్నా మంచి రోజులు ఉండవు. కానీ ఊళ్లో పరువు పోతుందని మధ్యవర్తులెవరికీ చెప్పలేదు. చుట్టాల్లో నలుగురికి గుట్టుగా చెప్పి ఊరుకున్నాం. శ్రావణమంతా అలా పోయింది. ఆ మధ్యలో ఫోన్లు మొదలయ్యాయి. రాత్రి తొమ్మిదింటికి కూడా వసూళ్లవాళ్లు ఫోన్ చేసి అమ్మాయితో మాట్లాడేవారు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు రూలు ఉందని లాయరు గుమాస్తా చెప్పాడు. మేనేజరుకి తేదీలు, టైములతో ఒక కాగితం రాసిచ్చాను. ఆ తర్వాత రాత్రిపూట ఫోన్లు ఆగాయి.

సెప్టెంబర్ 10, మంగళవారం. వినాయక చవితి వెళ్లి మూడు రోజులైంది. గుమ్మానికి కట్టిన మామిడాకులు అప్పుడే వాడుతున్నాయి. ఉదయం పదకొండింటికి కారులో ముగ్గురు వచ్చారు. ఒకతను డబ్బాలోంచి జిగురు తీసి వీధి గుమ్మం పక్క స్తంభానికి రాశాడు. చవితికని నేను పసుపు, కుంకుమ పెట్టిన చోట బ్యాంకు నోటీసు కాగితం అతికించాడు. నాలుగు మూలలూ అరచేత్తో నొక్కాడు. ఇంకొకతను మూడు నాలుగు ఫొటోలు తీశాడు, ఒకదాంట్లో అత్తయ్యగారు కిటికీ దగ్గర కనిపిస్తోంది. "ఇప్పుడు మిమ్మల్ని వెళ్లిపొమ్మనడం లేదండి, ఇది సింబాలిక్ పొజెషన్ అంటారు, కాగితం మీద స్వాధీనమే, ఇంట్లోనే ఉండొచ్చు" అని చెప్పి పావుగంటలో వెళ్లిపోయారు. వీధిలో అందరూ చూశారు. పక్కింటావిడ ఏమీ అడగకుండా మధ్యాహ్నం పప్పుచారు గిన్నె పంపింది. ఆ గిన్నె పట్టుకుని ఏడ్చాను.

14వ తారీఖున ఆ నోటీసు పేపర్లో పడింది. రెండు పేపర్లలో వేయాలట, ఒకటి మన భాషలో ఉండాలట. మా ఇద్దరి పేర్లు, ఇంటి నంబరు, బాకీ, అన్నీ. ఇక అంతా అయిపోయిందనుకుని నేను మంచం దిగలేదు. లాయరుకి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వేలం తేదీ, రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, ఉన్నాయా అందులో?" లేవన్నాను. "అయితే అది స్వాధీన ప్రకటన. వేలం ప్రకటన వేరే. ఇంకా టైమ్ ఉంది, లేవండి" అన్నాడు. ఈ రెండు ప్రకటనల తేడా ఎవరూ చెప్పరు. పేపర్లో పేరు చూసి మాలాగే చేతులు వదిలేసినవాళ్లు ఎంతమంది ఉంటారో.

45 రోజుల్లో విశాఖపట్నంలో డీఆర్‌టీకి, అంటే బ్యాంకు అప్పుల ట్రిబ్యునల్‌కి, వెళ్లొచ్చని కూడా చెప్పాడు. ఖర్చు లెక్క వేసుకున్నాం. బాకీ నిజం, నోటీసులో తప్పు లేదు. వెళ్లలేదు.

పేపర్లో పడ్డ మర్నాడే మొదటి బేరం చెడింది. అంతకుముందు 46 లక్షలకి ఒప్పుకున్న ఒకాయన బయానా తెస్తానని చెప్పి, పేపరు మడిచి చేత్తో పట్టుకుని వచ్చాడు. "36 అయితే చూస్తాను" అన్నాడు. ఆయనకి కాఫీ ఇచ్చి పంపేశాం. వారం తర్వాత టీ కొట్టు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే మా ఆయన విన్నారు, "వేలం దాకా ఆగితే చవగ్గా వస్తుంది, తొందరెందుకు" అని. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. ఆయన్ని ఒంటరిగా వదలడానికి నాకు భయమేసి, చెరువు గట్టుకి వెళ్తానన్నా వెనకే వెళ్లేదాన్ని. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో ఇంట్లో మగవాళ్లని కనిపెట్టుకుని ఉండాలి.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అక్టోబర్ నుంచి అందరికీ చెప్పాం. మధ్యవర్తికి ఒక శాతం. ఎవరొచ్చినా నేనే ఎదురెళ్లి, బ్యాంకు నోటీసు, బాకీ ఎంత, బ్యాంకు రాసిన జవాబు, మూడూ చేతికిచ్చేదాన్ని. దసరా, దీపావళి వెళ్లాయి, ఎవరూ తేల్లేదు. కార్తీకంలో, నవంబర్ 17న ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు, వాళ్లావిడ వచ్చారు. వాళ్లబ్బాయి కువైట్‌లో ఉంటాడు. మాస్టారు కాగితాలన్నీ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "దాచకుండా చూపించావమ్మాయ్, అది నచ్చింది" అన్నారు. మేం 52 అడిగాం, వాళ్లు 44 అన్నారు. 47 దగ్గర తెగింది.

అదే వారం బ్యాంకు తరఫున వాల్యూయర్ వచ్చి ఇల్లు కొలుచుకుని వెళ్లాడు. వేలానికి ముందు రిజర్వు ధర కట్టడానికేనని తెలిసి టెన్షన్ రెట్టింపైంది. తర్వాత మేనేజరు మాటల్లో తెలిసింది, మార్కెట్ విలువ 42 లక్షలు, డిస్ట్రెస్ విలువ, అంటే తొందరగా అమ్మేస్తే వచ్చేది, 34 లక్షలు అని రాశారట. 34 లక్షలకి పోతే బ్యాంకు బాకీ తీరి, ఆ పైన మేత డీలరు బాకీకి కూడా సరిపోయేది కాదు.

డిసెంబర్ 2న మాస్టారు, మేము కలిసి బ్యాంకులో దరఖాస్తు ఇచ్చాం. కొనేవారి ఆధార్, పాన్, ధర, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆధారం, అన్నీ అడిగారు. ఫైలు పైఆఫీసుకి వెళ్లి రావడానికి 19 రోజులు పట్టింది. నేను ఒకరోజు విడిచి ఒకరోజు బస్సులో వెళ్లి కౌంటర్ ముందు కుర్చీలో కూర్చునేదాన్ని. గొడవ చేయలేదు. కూర్చునేదాన్ని, అంతే. 21న లెటర్ వచ్చింది. 2025 జనవరి 31 లోపు మొత్తం కట్టాలి, అమ్మిన సొమ్ము ముందు అప్పు ఖాతాకే రావాలి అని. కానీ ఆ లోపు వేలం ప్రకటన ఇవ్వమని ఎక్కడా లేదు. అది రాయమని అడిగితే "మాట ఇస్తున్నాం కదమ్మా" అన్నారు. రాస్తే తప్ప మాస్టారు డబ్బు కట్టరని చెప్పి అక్కడే కూర్చున్నాను. 26న ఆ వాక్యం చేర్చిన లెటర్ ఇచ్చారు.

బాకీ సెటిల్‌మెంట్ గురించి కూడా అడిగాను. కొంత తగ్గించుకుని కడితే సిబిల్‌లో, అంటే మన అప్పుల రికార్డులో, 'సెటిల్డ్' అని పడుతుంది, మొత్తం కడితే 'క్లోజ్డ్' అని పడుతుంది. అమ్మాయి చదువుకి రేపు లోను కావాలంటే మేమే కదా సంతకం పెట్టాల్సింది. అందుకని అసలు, వడ్డీ మొత్తం కట్టడానికే ఒప్పుకుని, అపరాధ చార్జీలు మాత్రం తీసేయమని రాశాం. 41,000 తీసేశారు. నోటీసులు, పేపరు ప్రకటనలు, వాల్యూయర్ ఖర్చు మాత్రం మా ఖాతాలోనే రాశారు. ఇంట్లో మన స్తంభానికి అంటించిన కాగితానికి కూడా మనమే కడతామని అప్పుడు తెలిసింది.

డిసెంబర్ 27న, మార్గశిరం ఉండగానే, అగ్రిమెంట్ రాసుకున్నాం. మాస్టారు 5 లక్షలు నేరుగా మా అప్పు ఖాతాకి ఆర్‌టీజీఎస్ చేశారు. నా చేతికి ఒక్క రూపాయి నగదు తీసుకోలేదు. ఇంటి బేరంలో 20,000 గానీ అంతకుమించి గానీ నగదు తీసుకోకూడదు. నాకూ మాస్టారికీ కూడా అలాగే నిశ్చింతగా అనిపించింది.

ఇక్కడ కొత్త చిక్కు. "పుష్యమాసంలో రిజిస్ట్రేషన్ చేయించుకోనమ్మాయ్, మాఘం రానీ" అన్నారు మాస్టారి భార్య. పుష్యం జనవరి 29 అమావాస్య దాకా. బ్యాంకు గడువు 31. ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో భూముల రిజిస్ట్రేషన్ విలువలు పెరుగుతున్నాయని ప్రభుత్వం చెప్పింది. అంటే 30, 31 రెండే రోజులు. ఆ నెలంతా నాకు నిద్ర లేదు. రోజూ పొద్దున్నే పేపరు తెప్పించుకుని వేలం ప్రకటనలన్నీ వేలు పెట్టి చదివేదాన్ని. లెటర్ ఉన్నా నమ్మకం కుదిరేది కాదు.

మధ్యలో సంక్రాంతి వచ్చింది. ఆ ఇంట్లో ఆఖరిది. భోగి నాడు ముగ్గు పెద్దదే వేశాను, గొబ్బెమ్మలు అత్తయ్యగారే చేసింది. అరిసెలు ఒక్క కిలో బియ్యానికే చేశాం. స్తంభం మీద కాగితం ఊడదీయకూడదేమోనని ఎవరం ముట్టుకోలేదు. అమ్మాయి దాని చుట్టూ బంతిపూల దండ వేలాడదీసింది, వచ్చేవాళ్ల కంట పడకుండా.

జనవరి 30, గురువారం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు తిరునాళ్లలా ఉంది. మాఘం మొదలవడం, రేట్లు పెరగడం ఒక్కసారే రావడంతో జనమంతా అక్కడే. ముందు బ్యాంకుకి వెళ్లాం. క్లోజింగ్ లెటర్‌లో 24,18,300 అని ఉంది, మాస్టారు సరిగ్గా అంతకే డీడీ తీయించారు. కౌంటర్‌లో అమ్మాయి, "ఇది 28వ తారీఖు దాకా లెక్కండి, రెండు రోజుల వడ్డీ 1,458 రావాలి" అంది. నా పర్సులోంచి కట్టాను. అది లేకపోయి ఉంటే ఆ రోజు ఖాతా మూసేవారు కాదు. లెటర్ మీద ఏ తేదీ దాకా లెక్కో చూసుకోవాలని నాకు తట్టలేదు.

తర్వాత బ్యాంకు ఆఫీసరు మాతో వచ్చి తాకట్టు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాడు. అది ముందు రిజిస్టరై, ఆ తర్వాతే మా అమ్మకం దస్తావేజు. సర్వర్ నెమ్మదిగా ఉంది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం మాస్టారే కట్టారు. పంచాయతీ పన్ను బాకీ, కరెంటు బిల్లు మేము ముందే కట్టి రసీదులు పెట్టుకున్నాం. మధ్యాహ్నం భోజనం ఎవరికీ లేదు, మాస్టారి భార్య సంచిలోంచి అరటిపళ్లు తీసి అందరికీ పంచింది, మాకు కూడా. రాత్రి 8 గంటల 40 నిమిషాలకి మా వేలిముద్రలు పడ్డాయి. మా ఆయన వేలు మిషన్ తీసుకోలేదు, చెరువుల్లో మందులు చల్లి చల్లి చర్మం అరిగిపోయింది. నాలుగోసారి నేను ఆ వేలు నా కొంగుతో తుడిచి పట్టుకుంటే పడింది.

బ్యాంకుకి పోగా నా పేరున 16,31,700 డీడీ ఇచ్చారు. లక్షన్నర మాత్రం ఒరిజినల్ దస్తావేజులు వచ్చేదాకా మాస్టారు దగ్గరే ఉంచుకున్నారు. ఒరిజినల్స్ బ్రాంచిలో ఉండవు, వేరే ఊళ్లో భద్రపరుస్తారు, తెప్పించడానికి టైమ్ పడుతుంది. అప్పు తీరాక 30 రోజుల్లో ఇవ్వాలి, దాటితే రోజుకి 5,000 బ్యాంకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2023 డిసెంబర్ నుంచి ఉంది. అదే చెప్పి మాస్టారిని ఒప్పించాం. మధ్యవర్తికి 47,000, మేత డీలరుకి 6,40,000, చేబదుళ్లు 3,50,000 తీర్చాక మాకు మిగిలేది 7 లక్షల 40 వేల చిల్లర. వేలం అయి ఉంటే ఆ చిల్లర కూడా ఉండేది కాదు.

ఫిబ్రవరి 12న ఖాళీ చేశాం. పాలకొల్లులో రెండు గదుల వాటా, అద్దె 6,500. సామాను ఎక్కించాక ఆయన తడి గుడ్డతో స్తంభం మీద కాగితం ఊడదీశారు. మాస్టారికి అలా అప్పగించడం ఇష్టం లేదన్నారు. కాగితం ఊడింది కానీ నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. అత్తయ్యగారు చెంగుతో దాని మీద రాసి రాసి చూసింది.

18న బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, ఒరిజినల్స్ వచ్చాయని. పందొమ్మిది రోజులు. పేజీలు లెక్కపెట్టి సంతకం పెట్టాం. అన్నిటికన్నా అడుగున మామయ్యగారి 1987 దస్తావేజు. పచ్చబడ్డ స్టాంపు కాగితం మీద ఆయన నీలం సిరా సంతకం, పేరు చివర పొడుగ్గా లాగిన గీత. ఆయన రోజూ పేపరు మీద పెన్ను పరీక్షించడానికి పెట్టే సంతకమూ అదే. సాయంత్రానికి మాస్టారికి అప్పగించి లక్షన్నర చెక్కు తీసుకోవాలి. దారిలో జిరాక్స్ షాపు దగ్గర ఆటో ఆపించి, ఆ ఒక్క పేజీ రెండు కాపీలు తీయించాను, ఒకటి నాకు, ఒకటి అత్తయ్యగారికి. నాలుగు రూపాయలు.